పలుగురాయిలో చిక్కిన ద్రవాన్ని చదవడం: నెల్లూరు, ప్రకాశం రాళ్లపై ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్ అధ్యయనం, అంచెలంచెలుగా

"సైదాపురం గని దగ్గర్నుంచి పలుగురాయి (క్వార్ట్జ్) తెచ్చుకున్నాం, స్టేజ్ మీద పెట్టి ఎన్ని డిగ్రీల దగ్గర ఏర్పడిందో చెప్తారా?" ఎమ్మెస్సీ జియాలజీ ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. స్టేజ్ అంటే మైక్రోస్కోపుకు అమర్చి రాతి ముక్కను చల్లబరిచే, వేడి చేసే పరికరం. దాని మీద పెడితే ఏదో ఒక అంకె తప్పకుండా వస్తుంది. అది ఏ ద్రవానిదో, ఏ దశలో చిక్కిందో మాత్రం స్టేజ్ చెప్పదు. గని గోడ దగ్గర రాసుకున్న నోట్సు, మైక్రోస్కోపు కింద గీసుకున్న మ్యాపు చెప్పాలి. కాబట్టి ఈ మార్గదర్శిలో యంత్రం కంటే ముందు చేయాల్సిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా రెండు ముక్కలు. ఖనిజం పెరిగేటప్పుడు, లేదా పగిలి మళ్లీ అతుక్కునేటప్పుడు, చుట్టూ ఉన్న వేడి ద్రవం చిన్న గుంటల్లో చిక్కుకుంటుంది. ఈ గుంటలనే ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్లు అంటారు. రాయి చల్లబడ్డాక లోపలి ద్రవం కుదించుకుని బుడగ ఏర్పడుతుంది. మళ్లీ వేడి చేసినప్పుడు ఆ బుడగ మాయమయ్యే బిందువే హోమోజనైజేషన్ ఉష్ణోగ్రత. ఈ గుంటలు చాలావరకు 20 మైక్రాన్లలోపే ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చిక్కినప్పుడు ఒకే ఫేజ్ (ద్రవం, ఆవిరి, ఘనం లాంటి స్థితి) ఉంది, తర్వాత గుంట పరిమాణం మారలేదు, లోపలికి ఏదీ రాలేదు, బయటికి ఏదీ పోలేదు అనే నమ్మకాల మీదే మొత్తం లెక్క నిలబడుతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ నమ్మకాలు నిజమో కాదో తేల్చుకోవడానికే.

1. ప్రశ్న తేల్చుకున్నాకే రాయి

మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రాళ్లకు కొదవ లేదు. ఏ రాయి ఏ ప్రశ్నకు పనికొస్తుందో ముందే అనుకోవాలి.

గూడూరు, సైదాపురం, పొదలకూరు, రాపూరు వైపు అభ్రకం పెగ్మటైట్లు (మాగ్మా చివరి దశలో పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడిన రాళ్లు) మొదటి ప్రాజెక్టుకు మంచివి. ఇక్కడ ప్రశ్న: మాగ్మా చివరి దశ ఎక్కడ ఆగి వేడినీటి దశ ఎక్కడ మొదలైంది? అంచు నుంచి మధ్యలోని పలుగు కోర్ దాకా వరుసగా నమూనాలు తీస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. కోర్ పలుగు ఒక్కటే తెస్తే కథలో చివరి పేజీ మాత్రమే చేతికొస్తుంది.

కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ (ఫ్లోరిన్ ఉన్న ఖనిజం) ఉంది. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. ఫ్లోరైట్ ఏ దశలో, ఎలాంటి ద్రవం నుంచి వచ్చిందన్నది మంచి ప్రశ్న. అయితే ఇన్‌క్లూజన్లు ఆ పాత ద్రవం గురించే చెప్తాయి, నేటి భూగర్భజలాల గురించి కాదు. ఈ రెండింటినీ రిపోర్టులో కలిపేయకండి.

ఉదయగిరి వైపు రాగి ఖనిజం ఉన్న పలుగు చారలు దొరికితే ఆ రాగి ఖనిజమైన చాల్కోపైరైట్‌లోకి మామూలు కాంతి పోదు. దాన్ని ఆనుకుని, దానితో పాటే పెరిగిన పలుగులో చూడాలి. "పాటే పెరిగింది" అని రుజువు చేసే బాధ్యత మీదే.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌తో మొదలుపెట్టొద్దనే నా సలహా. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా అది గాబ్రో జాతి రాయి, మాగ్మా నుంచి నేరుగా గట్టిపడింది. హైడ్రోథర్మల్ (వేడినీటి దశ) అధ్యయనం నేర్చుకోవడానికి అది సరైన పాఠం కాదు.

ఏ ఖనిజంలో చూడాలంటే పలుగు, బెరిల్, ఫ్లోరైట్, కాల్సైట్, బెరైటీస్ లాంటి పారదర్శకమైనవాటిలో. అభ్రకం వద్దు. అది పొరలు పొరలుగా విడిపోతుంది, ఆ పొరల వెంట ద్రవం కారిపోతుంది.

2. వెళ్లే ముందు

సీజన్: జనవరి నుంచి మార్చి వరకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు ఉంటాయి, గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. రోహిణి కార్తెలో గని గోడల దగ్గర పని చేయడం ఆరోగ్యానికే ప్రమాదం.

జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వారి భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతపు మ్యాపు చూసి, ప్రింటు తీసుకుని వెళ్లండి.

చెక్‌లిస్టు:
- లీజుదారు నుంచి రాతపూర్వక అనుమతి. డిపార్ట్‌మెంటు లెటర్‌హెడ్ మీద అడిగితే పని సులువు.
- వెలికొండలు, పెనుశిల నరసింహ అభయారణ్యం లాంటి చోట్లయితే అటవీశాఖ అనుమతి. అది లేకుండా ఒక్క రాయి కూడా తీయకూడదు.
- హెల్మెట్, కళ్లద్దాలు, సుత్తి, ఉలి, లెన్సు, జీపీఎస్, కంపాస్, చెరగని మార్కర్, గుడ్డ సంచులు.
- స్థానికుడు ఒకరు తోడు. మూసేసిన పాత అభ్రకం గనుల్లోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగొద్దు.

3. నమూనా తీయడం

డంపులో మెరిసే రాయి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. అది ఏ చార నుంచి, ఏ వైపు నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి దాని నుంచి వచ్చే అంకెకు అర్థం ఉండదు. గోడలో ఉన్నచోటు నుంచే తీయాలి.

క్రమం ఇదీ:

ముందు ఫోటో, స్కేలుతో. తర్వాత చేత్తో బొమ్మ. ఏ చార ఏ చారను కోసుకుంటూ వెళ్లిందో బొమ్మలో కచ్చితంగా చూపించాలి. కోసింది తర్వాతిది, కోయబడింది ముందుది. మీ ద్రవాల వరుసకు ఇదే మొదటి ఆధారం. ఆ తర్వాత చార దిశ, వాలు కొలిచి, నమూనా మీద పైవైపుకు బాణం గుర్తు వేసి, అప్పుడే సుత్తి ఎత్తండి.

పిడికిలంత ముక్క చాలు. ఒక్కో దశ నుంచి కనీసం రెండు మూడు తీయండి. పాలలా తెల్లగా ఉన్న పలుగు కంటే కొంచెం పారదర్శకంగా, స్ఫటిక ముఖాలు కనిపించేది మేలు. పాలపలుగు తెలుపుకు తరచూ కారణం లెక్కలేనన్ని చిన్న ఇన్‌క్లూజన్లే. వాటిలో అధికభాగం తర్వాతి పగుళ్లవి. బ్లాస్టింగ్ జరిగిన ముఖానికి కాస్త దూరంగా తీయండి, లేకపోతే కొత్త పగుళ్లు తోడవుతాయి.

ఫ్లోరైట్, కాల్సైట్ ముక్కల్ని ఎండలో జీపు బానెట్ మీద పెట్టొద్దు. అవి మెత్తటి ఖనిజాలు. తక్కువ ఉష్ణోగ్రతలో చిక్కిన ద్రవమైతే ఆ వేడికే లోపలి గుంట సాగిపోవచ్చు.

ఇంకొక మాట, ఇది భద్రత గురించి. గూడూరు వైపు పెగ్మటైట్లలో సమార్‌స్కైట్ లాంటి నల్లటి, బరువైన, యురేనియం ఉన్న ఖనిజాలు దొరుకుతాయి. జేబులో వేసుకోకండి, హాస్టల్ గదిలో పెట్టుకోకండి. తేవాల్సి వస్తే విడిగా కట్టి, లేబుల్ వేసి, ఆ రోజే డిపార్ట్‌మెంటుకు అప్పగించండి.

4. వేఫర్‌కు ముందు చిప్ పరీక్ష

వేఫర్ (రెండు వైపులా పాలిష్ చేసిన పలుచటి రాతి పలక) చేయించడానికి సమయం, డబ్బు రెండూ పడతాయి. పనికొచ్చే ఇన్‌క్లూజన్లు ఉన్నాయో లేవో ముందే చూసుకోవచ్చు.

రాయి నుంచి ఒక మిల్లీమీటరులోపు పలుచటి రేకులు కొట్టి, స్లైడు మీద వేసి, ఒక చుక్క లవంగ నూనె వేసి కవర్ స్లిప్ పెట్టండి. లవంగ నూనె వక్రీభవన గుణకం 1.53 దగ్గర, పలుగుది 1.54 నుంచి 1.55. దగ్గర దగ్గరగా ఉండటంతో గరుకు ఉపరితలం కనబడకుండా పోయి లోపల ఏముందో తేటగా కనిపిస్తుంది. ఐదు మైక్రాన్లకు పైబడిన, బుడగ ఉన్న ఇన్‌క్లూజన్లు కనిపిస్తే ఆ నమూనా వేఫర్‌కు వెళ్తుంది. లేకపోతే పక్కన పెట్టి ఇంకొకటి చూడండి.

5. వేఫర్ తయారీ

కావాల్సింది రెండు వైపులా పాలిష్ చేసిన, 100 నుంచి 200 మైక్రాన్ల మందం ఉన్న పలక. మామూలు థిన్ సెక్షన్ (గాజుకు అంటించి అరగదీసిన రాతి పొర) 30 మైక్రాన్లే, అంత పలుచన చేస్తే పెద్ద ఇన్‌క్లూజన్లన్నీ తెగిపోతాయి. పాలపలుగయితే 80 మైక్రాన్ల దాకా తగ్గించవచ్చు.

ఈ దశలో అన్నిటికంటే పెద్ద శత్రువు వేడి. థిన్ సెక్షన్ ల్యాబ్‌లో అలవాటుగా హాట్ ప్లేట్ మీద పెట్టి అంటిస్తారు. మీ నమూనా అక్కడికి ఇచ్చేటప్పుడే "హాట్ ప్లేట్ వాడొద్దు" అని కాగితం మీద రాసి సంచికి పిన్ చేయండి. నోటిమాట సరిపోదు.

క్రమం:
- స్లో స్పీడ్ కట్టర్ మీద నీళ్లు పోస్తూ పలక కోయాలి.
- ఒక వైపు 400, 600, 1000 గ్రిట్ పొడులతో అరగదీసి, 3 మైక్రాన్, 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో పాలిష్ చేయాలి.
- పాలిష్ అయిన వైపును గాజు మీద సూపర్‌గ్లూతో, గది ఉష్ణోగ్రతలోనే అంటించాలి.
- రెండో వైపు కోసి, అరగదీసి, మళ్లీ అదే పాలిష్.
- రాత్రంతా ఎసిటోన్‌లో నానబెడితే పలక ఊడి వస్తుంది.

ఎపాక్సీతో అంటిస్తే ఎసిటోన్‌లో ఊడదు. గాజుతో సహా స్టేజ్ మీద పెట్టలేరు. అంటించే ముందే ఈ సంగతి చూసుకోండి.

ఊడగానే మొత్తం పలకను స్కాన్ చేసి పెద్ద ప్రింటు తీయండి. ఆ తర్వాతే స్టేజ్‌లో పట్టేలా ముక్కలు చేయాలి. ఏ ముక్క ఎక్కడిదో ప్రింటు మీద నంబరు వేయకపోతే ఆ ముక్కకు ఇక చిరునామా ఉండదు.

6. మైక్రోస్కోపు పని

ప్రాజెక్టు సమయంలో సగానికి పైగా ఇక్కడే గడవాలి. మొదట ఇరవై ఇన్‌క్లూజన్లు కొలిచి, తర్వాత అవి ఏ రకమో ఆలోచించడం అనే తలకిందుల పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది. అలా వచ్చిన హిస్టోగ్రాము ఎంత చక్కగా ఉన్నా దాని మీద ఏ నిర్ణయమూ కట్టలేం.

మొదట తక్కువ మ్యాగ్నిఫికేషన్‌లో స్ఫటికం పెరిగిన పొరల్ని, అతుక్కున్న పగుళ్లను గుర్తించండి. తర్వాత ఇన్‌క్లూజన్లను మూడు జాతులుగా విడదీయాలి.

ప్రాథమికం: పెరుగుదల పొరల వెంట, పొర ఆకారాన్ని అనుసరిస్తూ ఉన్నవి. ఖనిజం పెరిగినప్పటి ద్రవం ఇదే.

ద్వితీయం: స్ఫటికం అంచులు దాటి, పక్క గింజలోకి కూడా గీతలా సాగిన పగుళ్లలో ఉన్నవి. ఖనిజం ఏర్పడ్డాక వచ్చిన ద్రవం.

మిథ్యాద్వితీయం: పగులులోనే ఉన్నా, ఆ పగులు ఒక పెరుగుదల పొర దగ్గర ఆగిపోతుంది. అంటే ఖనిజం ఇంకా పెరుగుతుండగానే పగిలింది.

దారితెన్నూ లేకుండా ఒంటరిగా ఉన్న ఇన్‌క్లూజన్‌ను చాలామంది ప్రాథమికం అని రాసేస్తారు. ఆధారం లేకపోతే "అనిశ్చితం" అని రాయండి. అలా రాయడం తక్కువతనం కాదు, పరీక్షకులు దాన్ని గౌరవిస్తారు.

ఒకే పొరలో లేదా ఒకే పగులులో, ఒకేసారి చిక్కిన గుంపును ఒక అసెంబ్లేజ్ అంటాం. మీ కొలతకు యూనిట్ ఈ గుంపే, ఒక్కో ఇన్‌క్లూజన్ కాదు. గుంపులో ద్రవం, బుడగ నిష్పత్తి అన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటే అది నమ్మదగింది. ఒకదానిలో బుడగ పెద్దది, పక్కదానిలో చిన్నది, ఇంకోదానిలో అసలే లేదంటే మూడు అవకాశాలు ఉంటాయి. పెద్ద గుంట కాలక్రమంలో సన్నబడి, తెగి, రెండు మూడు ముక్కలై ఉండాలి. లేదా కొన్ని కారిపోయి ఉండాలి. లేదా చిక్కినప్పుడే ద్రవం మరుగుతూ ఉండాలి. తోకలు లాగినట్టున్న ఆకారాలు మొదటిదానికి గుర్తు. పొడిబారినట్టు నల్లగా ఉన్నవి రెండోదానికి. మరుగుడు అనాలంటే ద్రవం నిండినవి, ఆవిరి నిండినవి ఒకే గుంపులో పక్కపక్కనే ఉండి, ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఒకటి ద్రవంగా, మరొకటి ఆవిరిగా కలిసిపోవాలి. అప్పటిదాకా ఆ మాట వాడొద్దు.

బెరిల్‌లో అయితే స్ఫటికం పొడవు వెంట సన్నటి గొట్టాల్లా ఉంటాయి. చూడటానికి సులువు, కానీ గొట్టం చివర పగులుకు తగిలి కారిపోయే ప్రమాదం ఎక్కువ. రెండు చివరలూ మూసి ఉన్నవే ఎంచుకోండి.

గది ఉష్ణోగ్రతలో ఎన్ని ఫేజ్‌లు కనిపిస్తున్నాయో కూడా రాసుకోవాలి. ద్రవం, బుడగ మాత్రమే ఉంటే ఉప్పునీరు. బుడగలో మరో వలయం కనిపిస్తే కార్బన్ డయాక్సైడ్ అనుమానించండి. గది వేడి 31 డిగ్రీలు దాటితే ఆ వలయం మాయమవుతుంది కాబట్టి నెల్లూరు ఎండాకాలంలో ఏసీ లేని గదిలో చూసి "కార్బన్ డయాక్సైడ్ లేదు" అని తేల్చేయకండి. చదరపు గింజ ఉంటే హాలైట్ (ఉప్పు స్ఫటికం), అంటే లవణీయత సుమారు 26 శాతం దాటినట్టే.

7. స్టేజ్ క్యాలిబ్రేషన్

మన దగ్గర ఎక్కువగా కనిపించే లింకమ్ స్టేజ్ మైనస్ 196 నుంచి 600 డిగ్రీల దాకా పనిచేస్తుంది. చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. పశువైద్యశాలల్లో ఎద్దుల వీర్యం నిల్వ చేసే క్యానుల్లో ఉండేది ఇదే. గది కిటికీలు తెరిచి ఉంచాలి, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, క్యాను మూత బిగించకూడదు.

కృత్రిమ ప్రామాణిక ఇన్‌క్లూజన్లతో మూడు బిందువులు సరిచూడండి: స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ మైనస్ 56.6 దగ్గర కరగాలి, స్వచ్ఛమైన నీటి మంచు 0.0 దగ్గర, నీటి క్రిటికల్ బిందువు (ద్రవానికి, ఆవిరికి తేడా మాయమయ్యే బిందువు) 374.1 దగ్గర. తేడా ఎంత వచ్చిందో తేదీతో రాసుకోండి.

8. చల్లబరచి చూడటం

పలుగులో ముందు చల్లబరచడం, తర్వాత వేడి చేయడం. వేడికి ఇన్‌క్లూజన్ పగిలిపోతే లవణీయత కొలిచే అవకాశం పోతుంది. ఫ్లోరైట్, కాల్సైట్, బెరైటీస్‌లో మాత్రం దీనికి వ్యతిరేకం. గడ్డకట్టే నీరు వ్యాకోచించి ఆ మెత్తటి గుంటను సాగదీస్తుంది కాబట్టి ముందు వేడి కొలత తీసుకోవాలి.

మైనస్ 100 దాటేదాకా వేగంగా దింపండి. నీరు 0 దగ్గర గడ్డకట్టదు, చాలాసార్లు మైనస్ 35, 45 దాకా ద్రవంగానే ఉండి ఒక్కసారిగా గడ్డకడుతుంది. బుడగ ఉలిక్కిపడినట్టు కదులుతుంది, అదే గుర్తు. గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎందుకూ పనికిరాదు, కరిగే ఉష్ణోగ్రతలే కొలత.

తిరిగి వేడెక్కించేటప్పుడు మొదటి కరుగుదల గమనించండి. ఉప్పు, నీరు మాత్రమే ఉంటే మైనస్ 21.2 దగ్గర. మైనస్ 50 ప్రాంతంలోనే కరగడం మొదలైతే కాల్షియం క్లోరైడ్ ఉన్నట్టు. తర్వాత నిమిషానికి అర డిగ్రీకి మించకుండా వెళ్తూ చివరి మంచు గింజ కరిగే బిందువు పట్టుకోవాలి.

ఆ చివరి గింజ కనిపించకపోతే ఇలా చేయండి: కరిగిందనుకున్న చోట ఆపి కొద్దిగా చల్లబరచండి. వెంటనే మంచు పెరిగి బుడగ నలిగితే ఇంకా గింజ మిగిలి ఉందన్నమాట. ఏమీ జరగకపోతే పూర్తిగా కరిగిపోయింది. పదో వంతు డిగ్రీ చొప్పున ఇలా అటూ ఇటూ జరిపి బిందువును బిగించవచ్చు.

కార్బన్ డయాక్సైడ్ ఉన్నవాటిలో మైనస్ 56.6 కంటే కింద కరిగితే మీథేన్ లేదా నైట్రోజన్ కలిసి ఉంటుంది. వీటిలో లవణీయత మంచు నుంచి కాదు, క్లాత్రేట్ (నీరు, వాయువు కలిసి మంచులా గట్టిపడిన పదార్థం) కరిగే ఉష్ణోగ్రత నుంచి లెక్కించాలి. స్వచ్ఛమైన నీరు, కార్బన్ డయాక్సైడ్ అయితే అది 10 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఉప్పు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

9. వేడి చేసి చూడటం

ముక్కలో తక్కువ ఉష్ణోగ్రత వచ్చేలా ఉన్న గుంపులతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఒక్కసారి 300 దాటించిన ముక్కలో 150 దగ్గర కలిసే గుంపు ఇక నమ్మదగింది కాదు.

బుడగ మాయమయ్యిందా, లేక నల్లటి అంచు చాటుకు వెళ్లిందా అన్న అనుమానం ఎప్పుడూ వస్తుంది. కొన్ని డిగ్రీలు చల్లబరచండి. బుడగ వెంటనే కనిపిస్తే అది ఎక్కడికీ పోలేదు. చాలా డిగ్రీలు దిగాక ఒక్కసారిగా పుడితే నిజంగానే కలిసిపోయింది.

కొలిచిన తర్వాత అదే ఇన్‌క్లూజన్‌ను మళ్లీ కొలవండి. రెండోసారి ఎక్కువ వస్తే గుంట సాగింది లేదా కారింది. ఒక గుంపులో ఎక్కువభాగం 10, 15 డిగ్రీల తేడాలో ఉంటే సంతోషించవచ్చు.

10. అంకెల నుంచి అర్థానికి

ఉప్పు, నీరు ద్రవానికి బోడ్నర్ 1993లో ఇచ్చిన సమీకరణం వాడతారు. మంచు సున్నాకి ఎన్ని డిగ్రీల కింద కరిగిందో దాన్ని "డి" అనుకుంటే:

లవణీయత శాతం = (1.78 × డి) − (0.0442 × డి × డి) + (0.000557 × డి × డి × డి)

ఉదాహరణకు మంచు మైనస్ 3.0 దగ్గర కరిగితే 5.34 − 0.40 + 0.02, అంటే బరువులో సుమారు 5 శాతం ఉప్పుకు సమానం. మైనస్ 21.2 దగ్గర ఇదే 23.2 అవుతుంది. అంతకుమించి ఈ సమీకరణం పనిచేయదు.

ఇప్పుడు అసలు చిక్కు. హోమోజనైజేషన్ ఉష్ణోగ్రత అంటే ఖనిజం ఏర్పడిన ఉష్ణోగ్రత కాదు, అంతకంటే తక్కువ ఉండదని చెప్పే కనిష్ఠ హద్దు. పీడనం కింద చిక్కిన ద్రవానికి సవరణ కలపాలి. పెగ్మటైట్ లోతులో ఏర్పడుతుంది. కొన్ని కిలోబార్ల (కిలోబార్ అంటే వాతావరణ పీడనానికి దాదాపు వెయ్యి రెట్లు) పీడనమైతే ఈ సవరణ వంద డిగ్రీలు దాటిపోతుంది. పలుగు కోర్‌లో 180 వచ్చిందని "పెగ్మటైట్ 180 డిగ్రీల దగ్గర ఏర్పడింది" అని రాస్తే అది తప్పు. పైగా ఆ 180 ద్వితీయ గుంపుదైతే అది పెగ్మటైట్‌కు సంబంధించిన అంకే కాదు.

సవరణకు ఐసోకోర్ (గుంటలోని ద్రవం సాంద్రత మారకుండా ఉష్ణోగ్రతతో పీడనం ఎలా పెరుగుతుందో చూపే గీత) గీయాలి, పీడనం వేరే దారిలో తెలియాలి. చుట్టూ ఉన్న షిస్టు (పొరలుగా ఉండే రూపాంతర శిల) లోని ఖనిజాల నుంచి తెలిసిన పీడనం ఒక దారి. ఏదీ లేకపోతే "కనిష్ఠం" అని రాసి అక్కడితో ఆగండి. మరుగుడు రుజువైన గుంపుకు మాత్రం సవరణ అక్కర్లేదు.

రామన్ స్పెక్ట్రోస్కోపీ (లేజర్ కాంతితో లోపలి అణువుల్ని గుర్తించే పద్ధతి) అందుబాటులో ఉంటే కార్బన్ డయాక్సైడ్‌కు 1285, 1388 సెం.మీ.⁻¹ దగ్గర జంట శిఖరాలు, నైట్రోజన్‌కు 2331, మీథేన్‌కు 2917 చూడండి. నీళ్లలో కరిగిన సోడియం, క్లోరైడ్ అయాన్లకు సొంత శిఖరాలు ఉండవు, వాటి కోసం వెతకొద్దు.

11. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దాలి

గడ్డకట్టడమే లేదు: ఇంకా దించి, కాసేపు అక్కడే ఉంచి, మళ్లీ ప్రయత్నించండి. అయినా కాకపోతే ఆ ఇన్‌క్లూజన్ చాలా చిన్నదై ఉండొచ్చు, పెద్దది వెతకండి.

మంచు సున్నా కంటే పైన కరిగింది: రెండు కారణాలు. అది మంచు కాదు, క్లాత్రేట్. లేదా గడ్డకట్టినప్పుడు బుడగ నలిగి మాయమైపోయింది, బుడగ లేకుండా కరిగితే ఆ అంకె చెల్లదు.

బుడగే లేని ఇన్‌క్లూజన్లు: సుమారు 50 డిగ్రీల లోపు చిక్కినవి కావచ్చు, లేదా బుడగ పుట్టడం ఆలస్యమై ఉండొచ్చు. పలుగు ముక్కను ఫ్రీజర్‌లో ఉంచి, తీసి మళ్లీ చూడండి.

ఒకే గుంపులో 140 నుంచి 310 దాకా అంకెలు: సగటు తీయకండి. ఫోటోలకు తిరిగి వెళ్లండి. దాదాపు ప్రతిసారీ రెండు పగుళ్లను ఒకటిగా లెక్కపెట్టి ఉంటారు, లేదా తెగిపోయిన గుంటలు కలిసి ఉంటాయి.

12. రిపోర్టు, భద్రపరచడం

పట్టికలో ప్రతి వరుసా ఒక అసెంబ్లేజ్ కావాలి. అందులో ఉండాల్సినవి:
- నమూనా నంబరు, చార, పెగ్మటైట్‌లో ఏ జోన్
- ఖనిజం, ఇన్‌క్లూజన్ జాతి, ఆ జాతి అనడానికి ఆధారం
- ఎన్నిటిని కొలిచారు, ఎన్నిటిని ఎందుకు వదిలేశారు
- మొదటి కరుగుదల, చివరి కరుగుదల, హోమోజనైజేషన్ (ద్రవంగానా, ఆవిరిగానా)
- లవణీయత, ఏ సమీకరణంతో
- క్యాలిబ్రేషన్ తేదీ, సవరణ

హిస్టోగ్రాము వేస్తే గుంపుల్ని వేర్వేరు రంగుల్లో చూపించండి. ఫీల్డ్ బొమ్మ, వేఫర్ స్కాన్, మైక్రోస్కోపు ఫోటో ఒకే పేజీలో పక్కపక్కన పెడితే చదివేవాళ్లు చార నుంచి చుక్క దాకా దారి పట్టుకోగలరు.

వేఫర్ ముక్కల్ని విడివిడి కవర్లలో, వేడి చేసినవి, చేయనివి వేరు చేసి, ఎంత దాకా వేడి చేశారో కవరు మీద రాసి డిపార్ట్‌మెంటు బీరువాలో అప్పగించండి. మిగిలిన రాతి ముక్క కూడా అదే నంబరుతో అక్కడే ఉండాలి.